బొట్టుబిళ్ళల పటం

నేను బడి మానేసింది ఆరో తరగతిలో. లెక్కల మాస్టారికీ నాకూ పడలేదు. ప్రతి లెక్కకీ ఒకటే జవాబు ఉంటుందని ఆయన పట్టుదల. నేను ప్రతిసారీ ఇంకోటి కనిపెట్టి ఇచ్చేదాన్ని. ఆయనకి అది నచ్చేది కాదు. చివరికి మా అమ్మ వచ్చి, దీన్ని మీ చేతుల్లో పెట్టి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను లెండి మాస్టారూ అని నన్ను ఇంటికి తీసుకుపోయింది. ఆయన ఆనందంతో వీధి గుమ్మం దాకా వచ్చి సాగనంపారు.

అలాంటిదాన్ని పోయి పోయి కిలోలూ గ్రాములూ రాసే చోట ఉద్యోగంలో వేశారు. మా ఊరి అంగన్‌వాడీలో ఆయాని. పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి పిల్లల్ని తోలుకురావడం, ఉప్మా వండడం, ముక్కులు తుడవడం, టీచరుగారు పాట నేర్పుతుంటే వెనకనుంచి తప్పుగా పాడి పిల్లల్ని నవ్వించడం నా పనులు. చివరిది ఎవరూ అప్పగించింది కాదు, నేనే కల్పించుకున్నాను.

మాది నరసాపురం వైపు కాలవగట్టు ఊరు. కాలవకి ఇవతల పెద్ద వీధి. రైసుమిల్లు, డాబాలు, పొలాలున్న కుటుంబాలు, మా కేంద్రం అన్నీ ఇవతలే. అవతల పేట. కూలిపనులకి వెళ్ళేవాళ్ళు, రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళు అక్కడ కాపురం. ఒక చిన్న చర్చి, దాని ముందు తాటాకు పాక. ఈ రెంటికీ మధ్య తాటిదుంగల వంతెన. ఎండాకాలం దాని మీద నడవచ్చు. వానాకాలం మాత్రం దుంగల మీద పాచి పట్టి, దాటేవాళ్ళందరూ కొత్తగా నడక నేర్చుకుంటున్నట్టు ఉండేవారు.

మా చెల్లెల్ని ఆ పేటలోకే ఇచ్చాం. దానికో ఆడపిల్ల, అప్పటికి రెండో ఏడు నడుస్తోంది. మా చెల్లెలి అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. వంతెన ఎక్కలేదు. అందుకని పిల్లని కేంద్రానికి తేవాలంటే మా చెల్లెలే చంకనేసుకుని దాటాలి. కేంద్రం తెరిచేసరికి తొమ్మిది అయ్యేది. ఊడ్పుల రోజుల్లో ఆడకూలీలు అంతకు ఎంతో ముందే చేలో దిగిపోతారు. ఇది పిల్లని దింపి పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి మేస్త్రీ ఇంకో మనిషిని పెట్టేసుకునేవాడు.

"పేటలో ఓ కేంద్రం పెడితే మా అత్తే నడిపించుకెళ్ళి దింపుద్ది గదా అక్కా," అని అది నాతో అనని రోజు లేదు. నేనేదో ముఖ్యమంత్రినైనట్టు.

"రేపు పెట్టిస్తాలే, ఎల్లుండి ఆదివారం గదా," అనేదాన్ని నేను.

అది రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. ఒక రోజు మా సూపర్‌వైజర్ మేడమ్‌గారు నరసాపురం బస్సు దిగి, చంకలో చుట్టిన డ్రాయింగు షీటూ చేతిలో ఒక చిన్న కాగితం సంచీ పట్టుకుని వచ్చారు. మండలానికి ఇంకో చిన్న కేంద్రం వస్తోందిట. అది మా ఊరికి ఇచ్చే అవకాశం ఉందిట. ఎక్కడ పెట్టాలో ఆవిడ రాసి పంపాలి.

"పెద్ద వీధి చివర స్థలం చూపిస్తామని ఊరి పెద్దలు అంటున్నారు. పేటవాళ్ళు పేటలో కావాలంటున్నారు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళకి ఇవ్వకూడదు గదండీ టీచరుగారూ. పిల్లల బరువులు చూద్దాం. ఎక్కడ పిల్లలు బరువు బాగా తక్కువ ఉంటే అక్కడ," అన్నారు.

ఈ మాట నాకు భలే నచ్చింది. ఊళ్ళో ఏ సంగతైనా గొంతుతో తేలడమే చూశాను గానీ త్రాసుతో తేలడం చూడలేదు. నేనూ గొంతున్న మనిషినే, అయినా నచ్చింది.

మేడమ్‌గారు షీటు నేల మీద పరిచి, స్కెచ్చిపెన్నుతో నీలం రంగు కాలవ గీశారు. ఇటు వీధులు, అటు పేట. ఒక్కో ఇంటికీ ఒక్కో చిన్న గడి. తర్వాత సంచీలోంచి బొట్టుబిళ్ళల అట్టలు తీశారు. నరసాపురం ఫ్యాన్సీ కొట్లో కొన్నారట. ఆకుపచ్చవి, పసుపువి, ఎర్రవి. బరువు బాగున్న పిల్లకి ఆకుపచ్చ, తగ్గిన పిల్లకి పసుపు, మరీ తక్కువైతే ఎరుపు. పిల్ల ఉన్న ఇంటి మీద బిళ్ళ అంటించాలి.

మా టీచరుగారు నరసాపురంలో చర్చికి వెళ్ళే మనిషి. జన్మలో నుదుట బొట్టు పెట్టినావిడ కాదు. ఆ రోజు ఊరు ఊరంతటికీ బొట్లు పెట్టారు.

"మీ పాస్టరుగారు చూస్తే ఏమంటారో," అన్నాను.

"నువ్వు చెప్పకపోతే ఏమీ అనరు," అన్నారు టీచరుగారు, ఇంకో ఎర్ర బిళ్ళ ఊడదీస్తూ.

అంటించడం అయ్యాక గోడకి తగిలించి, ముగ్గురం వెనక్కి జరిగి చూశాం. కాలవకి అటు అంతా పచ్చగా ఉంది, ఇటు పసుపూ ఎరుపూ. పేట చూస్తే వరిచేనులా కళకళలాడుతోంది. పెద్ద వీధేమో మందారపు చెట్టులా ఉంది.

మేడమ్‌గారు పెన్ను మూత పెదవులకి ఆనించుకుని చాలాసేపు చూశారు. "అయితే అవసరం ఇవతలే ఎక్కువన్నమాట. నేనైతే తలకిందులుగా అనుకున్నాను," అన్నారు. "వచ్చే నెల తూకం కూడా చూసి అప్పుడు రాస్తాను," అని చెప్పి బస్సుకి వెళ్ళిపోయారు.

సాయంత్రం మా చెల్లెలికి చెప్పాను. అది పిల్లని చంక మార్చుకుని వంతెన వైపు నడిచింది. అది ఏమీ అనకుండా వెళ్ళడం నేను అంతకు ముందు ఒకటి రెండుసార్లే చూశాను. వాటిలో ఒకటి దాని పెళ్ళిచూపులప్పుడు.

నాకు ఆ పటం నిద్రపట్టనివ్వలేదు. చెల్లెలి కోసమని పైకి అనుకున్నాను గానీ అసలు సంగతి వేరు. పటంలో రైసుమిల్లు వారి మనవడి మీద పసుపు బిళ్ళ ఉంది. ఆ పిల్లాణ్ణి నేను రోజూ ఎత్తుకుని తెచ్చేదాన్ని. వాణ్ణి త్రాసు ఉయ్యాల్లో కూర్చోబెడితే దూలం మూలిగేది. వాడు బక్కపిల్లాడైతే వాళ్ళ మిల్లులో ధాన్యం బస్తాలన్నీ దూది బస్తాలే.

మొదట నాకు త్రాసు మీద అనుమానం వచ్చింది. మా తూకం త్రాసు గుండ్రటి ముఖం, ఒక ముల్లు, కింద కొక్కెం. ఆ కొక్కేనికి నిక్కరులాంటి గుడ్డసంచి తగిలించి పిల్లని అందులోకి దింపుతాం. ముల్లు తిరిగి ఎక్కడ ఆగితే అదే బరువు. ఒక మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక త్రాసు పట్టుకుని కిరాణా కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన దగ్గర రాళ్ళు తీసుకుని ఒక్కోటీ తగిలించి చూశాను.

"ఏంటమ్మా, మా రాళ్ళ మీద కేసు పెడతన్నావా?" అన్నాడాయన.

"మీ రాళ్ళ సంగతి ఊరంతా తెలిసిందే. నా త్రాసు సంగతి చూసుకుంటున్నాను."

"తేడా వచ్చిందా?"

"రాలేదండి. అదే నా బాధ."

త్రాసు గీత దాటకుండా సరిగ్గా చూపించింది. కొట్టాయన రాళ్ళు కూడా సరిగ్గానే ఉన్నాయి. ఆ సంగతి ఊళ్ళో చెప్తే ఎవరూ నమ్మలేదు.

తర్వాత బిళ్ళలు తప్పు ఇళ్ళ మీద అంటించారేమోనని పటం ముందు నిలబడి, ప్రతి గడి మీదా వేలు పెట్టి ఇల్లు ఇల్లూ తిరిగాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు నా బుర్రకి ఒక మహా సిద్ధాంతం తట్టింది. పేటవాళ్ళు చేపలు తింటారు. కాలవలో పట్టిన పరిగెలో, చెరువు దగ్గర మిగిలిన రొయ్యలో, ఏదో ఒకటి రోజూ పొయ్యి మీద ఉంటుంది. పెద్ద వీధిలో పిల్లలకి పప్పూ నెయ్యీ మింగబెట్టి కూర్చోబెడతారు. అందుకే పేట పచ్చన, వీధి పసుపు. ఈ సంగతి కనిపెట్టినందుకు రెండు రోజులు నా మీద నాకే గౌరవం కలిగింది. టీచరుగారికి చెప్తే, "అలాగా," అన్నారు గానీ ఆవిడ కళ్ళు నా కళ్ళల్లోకి రాలేదు. అది నా తెలివికి బిత్తరపోవడం అనుకున్నాను.

నెల తిరిగింది. తూకం రోజు వచ్చింది. మేడమ్‌గారు మధ్యాహ్నం బస్సుకి వస్తానని కబురు పెట్టారు.

పొద్దున్న పెద్ద వీధి తల్లులు వచ్చారు. తూకంలో నా పని మల్లయుద్ధం. గుడ్డసంచిలోకి పిల్లల కాళ్ళు దూర్చడం, వాళ్ళు నా జుట్టు పీకుతుంటే నవ్వుతూ ఉండడం. టీచరుగారు ముల్లు చూసి రాసేవారు. అన్నేళ్ళలోనూ నేను కాళ్ళ వైపే ఉన్నాను గానీ చెవులు ఎప్పుడూ అటు పెట్టలేదు. ఆ రోజు పెట్టాను.

రైసుమిల్లు వారి కోడలు టీచరుగారి దగ్గరకి వంగింది. "టీచరుగారండీ, ఓ కిలో తగ్గించి రాయండి. ఆమధ్య ఎవరో బరువు పైకి చదివేశారని వీడికి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడిందండి. దిష్టి మరి."

"అలాగేనమ్మా," అన్నారు టీచరుగారు.

వెనకనున్నావిడ అంది, "వాళ్ళకి తగ్గించారు గదండి, మాకూ తగ్గించండి. మా అత్తయ్యగారు మరీ మరీ చెప్పి పంపారు."

"అలాగేనమ్మా."

వరసలో దాదాపు అందరూ ఇదే. కొందరు కిలో, కొందరు అరకిలో. ఒకావిడైతే, "మీ ఇష్టమండి, మీరు ఎంత తగ్గిస్తే అంత," అంది, చీరల కొట్లో బేరమాడినట్టు. టీచరుగారు ఎవరికీ కాదనలేదు. ఆవిడ కాదనడం నేను పుట్టి ఎరగను. చందా అడగడానికి వచ్చినవాళ్ళకి కాఫీ కూడా ఇచ్చి పంపే మనిషి.

నా చేపల సిద్ధాంతం అక్కడికక్కడే చచ్చిపోయింది. సగం ప్రాణం మాత్రం మిగిలింది. వీధి పసుపెక్కడానికి కారణం తెలిసింది, సరే. పేట పచ్చగా ఎందుకుంది?

అది కూడా ఎంతోసేపు పట్టలేదు. పేట తల్లులు వంతెన దాటి వస్తుంటే ముందుగా చప్పుడు వచ్చింది. గజ్జెల బండి వస్తున్నట్టు. ప్రతి పిల్లకీ కాళ్ళకి కడియాలు, నడుముకి వెండి మొలతాడు, దానికి మువ్వలు, మెడలో తాయెత్తులు. మా చెల్లెలి కూతురైతే ఆ ఎండలో ఉన్ని స్వెట్టరు కూడా వేసుకుని ఉంది. పొట్ట డోలులా బిగిసి ఉంది.

"ఏమే, పిల్లని తెచ్చావా, వెండికొట్టు తెచ్చావా?" అన్నాను.

"ఊరుకో అక్కా. ఇంటికెళ్ళగానే మా అత్త అడుగుద్ది, ఎంతుందని. పక్కింటోళ్ళ పిల్ల కంటే తగ్గిందనుకో, నేను సరిగ్గా పెట్టట్లేదని ఊరంతా చెప్పుద్ది."

"పొట్టలో ఏం దాచావు?"

"చల్దన్నం పెట్టింది మా అత్త. పైన రెండు గ్లాసులు గంజి. వంతెన దిగాక నేనో గ్లాసు నీళ్ళు పట్టా."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతుండగానే తట్టింది. పేటకి కేంద్రం రావాలని పొద్దస్తమానం అడిగేది ఇదే. అది రాకుండా పిల్ల నడుముకి వెండి కట్టి తెస్తున్నదీ ఇదే.

"ఒసేయ్, ఆ వెండి తీసి తూకం వేయించు. నిజం బరువు రాస్తేనే గదా కేంద్రం నీ పేటకి వచ్చేది."

మా చెల్లెలి మొహం మారిపోయింది. "ఇంతమందిలో నా పిల్ల బక్కదని నేనే చెప్పుకోవాలా? నీకు పిల్లల్లేరు, నీకేం తెలుసక్కా," అంది.

అది పిల్లని వెండితో సహా తూకం వేయించుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మేడమ్‌గారు వచ్చారు. కొత్త బరువులకి తగ్గట్టు బిళ్ళలు మార్చారు. పటం అచ్చం అలాగే ఉంది. ఆవిడ కాగితం తీసి రాయబోతున్నారు. టీచరుగారు చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డారు. ఉన్నమాట చెప్తే టీచరుగారికి మాటొస్తుంది. చెప్పకపోతే ఆ కాగితం బస్సెక్కి పోతుంది, మా చెల్లెలు ఇంకా ఎన్నేళ్ళు ఆ దుంగల మీద నడవాలో తెలీదు.

రైసుమిల్లు మనవడు ఒక మూల చాప మీద నిద్రపోతున్నాడు. వాణ్ణి తెచ్చి, "మేడమ్‌గారూ, ఒక్కసారి వీణ్ణి పట్టుకోరా, నేను చాప దులుపుకోవాలి," అన్నాను.

ఆవిడ పాపం పిల్లలంటే ఇష్టమున్న మనిషి, రెండు చేతులూ చాచారు. వాణ్ణి వదిలాను. ఆవిడ రెండడుగులు వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకున్నారు. తల తిప్పితే పక్కనే పటం. పటంలో రైసుమిల్లు ఇల్లు. దాని మీద పసుపు బిళ్ళ. ఆవిడ బిళ్ళ వంక చూశారు, చేతుల్లో పిల్లాడి వంక చూశారు, తర్వాత టీచరుగారి వంక చూశారు.

"ఇదేంటండీ టీచరుగారూ?"

"అడిగారండి," అన్నారు టీచరుగారు. "తగ్గించి రాయమని అడిగారు. దిష్టి తగులుద్దని భయమండి వాళ్ళకి. ఇంత చిన్న సంగతికి ఏం కాదంటాంలే అనుకున్నానండి. ఇది ఎక్కడికో వెళ్ళి ఎవరి అన్నమో తీసేస్తుందని అనుకోలేదు."

మేడమ్‌గారు కోప్పడతారని నేనూ అనుకున్నాను. ఆవిడ పిల్లాణ్ణి చాప మీద పడుకోబెట్టి, తనూ పక్కనే కూర్చున్నారు. "మరి పేటవాళ్ళు కూడా అడిగారా? పెంచి రాయమని?"

"వాళ్ళు అడగరండి. వాళ్ళే మోసుకొస్తారు," అని వెండి సంగతీ, స్వెట్టరు సంగతీ, గంజి సంగతీ చెప్పాను.

ఆవిడ మళ్ళీ పటం వైపు తిరిగారు. ఈసారి ఆవిడ చూపు వేరుగా ఉంది. తప్పు దొరికిందన్న కోపం లేదు, కొత్త ఊరు చూస్తున్నట్టు ఉంది. "అయితే ఇందులో పిల్లల బరువులు లేవన్నమాట. తల్లుల భయాలు ఉన్నాయి. ఇటువాళ్ళకి పిల్ల లావుగా ఉందని తెలుస్తుందేమోనని, అటువాళ్ళకి బక్కగా ఉందని తెలుస్తుందేమోనని." "ఏం చేస్తే నిజం బరువు ఇస్తారంటారు?" అని అడిగారు. మమ్మల్ని పరీక్ష చేస్తున్నట్టు కాదు. ఆవిడకి నిజంగానే తెలీక అడిగారు.

ముగ్గురం కూర్చుని ఆలోచించాం. చీర అడ్డం కట్టి ఒక్కొక్కరినే లోపలికి పిలవాలనీ, అంకె ఎవరూ పైకి చెప్పకూడదనీ మేడమ్‌గారు అన్నారు. తూకం కాగానే వంటగదిలో నేనే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేస్తే ఎవరికీ భయం ఉండదని నేను అన్నాను. మేడమ్‌గారు, "ఇది ఆఫీసులో రాయలేను," అన్నారు గానీ వద్దనలేదు. చివరికి టీచరుగారు, "పేటకి మనమే వెళ్దాం. ముసలాళ్ళ ముందే తూద్దాం. కోడళ్ళు ఇంటికెళ్ళి జవాబు చెప్పుకోవలసిన పని ఉండదు," అన్నారు. అది నాకు తట్టలేదు. అంతసేపూ నా చెల్లెలి మీద కోపంతో ఉన్నాను గానీ, ఇంటికెళ్ళాక దాని మీద పడే చూపు గురించి అనుకోలేదు.

వారం తిరక్కుండా మళ్ళీ తూకం పెట్టాం. పెద్ద వీధిలో పని సులువుగానే జరిగింది. దిష్టి ఆయాయే తీస్తుందంటే పిలవని వాళ్ళు కూడా వచ్చారు. ఒకటే తేడా వచ్చింది. నేను తెచ్చిన మిరపకాయలు డబ్బాలో అడుగుబొడుగు పాత సరుకు. నిప్పుల్లో వేస్తే ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే పిల్లకి బాగా దిష్టి ఉన్నట్టు మా వైపు లెక్క. ఒక్కరూ దగ్గలేదు, ఒక్కరికీ తుమ్ము రాలేదు. తల్లుల మొహాలు వెలిగిపోయాయి.

"చూశారా, మావాడికి ఎంత దిష్టో," అంది రైసుమిల్లు వారి కోడలు, పక్కావిడతో.

"మాదానికి ఇంకా ఎక్కువండి. కనీసం పొగైనా రాలేదు."

మర్నాడు నేను త్రాసు మెళ్ళో వేసుకుని వంతెన దాటాను. టీచరుగారు నా కొంగు పట్టుకుని దాటారు. ఆవిడ అన్నేళ్ళలో ఆ వంతెన దాటింది ఎండాకాలంలోనేట. మధ్యలో ఒకసారి కాలు జారి, దేవుడి పేరు గట్టిగా తలిచారు. ఒడ్డుకి చేరాక, "చంకలో పిల్లతో ఎలా దాటుతున్నారు వీళ్ళు," అన్నారు మెల్లిగా.

చర్చి ముందు పాకలో త్రాసు కట్టాం. పేట ఆడవాళ్ళందరూ వచ్చారు, ముసలాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. మా చెల్లెలి అత్తగారు మోకాళ్ళు చాపుకుని స్తంభానికి ఆనుకుంది. ఒంటి మీద వస్తువులన్నీ తీసి తూస్తామని టీచరుగారు చెప్పారు. ఎవరూ కదల్లేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పిల్లల మువ్వలు మాత్రం చప్పుడు చేస్తున్నాయి.

"ఏంటి, అందరూ పెళ్ళిచూపులకి వచ్చినట్టు కూర్చున్నారు," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మా చెల్లెలు లేచింది. ఆ తూకం రోజు నుంచీ అది నాతో మాట్లాడలేదు. పిల్లని నేల మీద నిలబెట్టి మొదట స్వెట్టరు తీసింది. తర్వాత కడియాలు. మొలతాడు ముడి బిగిసిపోయి రాకపోతే పళ్ళతో లాగింది. అన్నీ తీసుకెళ్ళి అత్తగారి ఒళ్ళో పోసింది. "ఇయ్యి పట్టుకోండి అత్తా. బరువంతా ఇక్కడుంది," అంది.

నేను పిల్లని ఎత్తి గుడ్డసంచిలోకి దింపాను. చేతికి ఏమీ తగల్నట్టు ఉంది. ముల్లు కొంచెం తిరిగి ఆగిపోయింది. అందరూ చూశారు. అంకె ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది. చర్చి పిల్లలకి దిష్టి తీయొద్దని టీచరుగారు ముందే అనుకున్నారు. ఆవిడ దాని తల మీద చెయ్యి పెట్టి రెండు మాటలు ప్రార్థన చేశారు.

మా చెల్లెలు నేల చూపులు చూస్తూ నిలబడింది. వాళ్ళ అత్తగారు ఒళ్ళో వెండిని ఒక చేత్తో తడుముతూ త్రాసు వైపే చూస్తోంది. ఆవిడ నోరు నాకు తెలుసు. నేను ఒక గట్టి జవాబు సిద్ధం చేసుకున్నాను కూడా.

"టీచరమ్మగారండీ," అందావిడ, "ఆ ముల్లు ఇంకాస్త తిరగాలంటే ఏం పెట్టాలండి?"

టీచరుగారు వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నారు. గుడ్డు సంగతీ, పప్పు కలిపి మెత్తగా మెదిపి రోజుకి ఎక్కువసార్లు కొంచెం కొంచెం పెట్టే సంగతీ, గంజి వార్చేయకుండా వండే సంగతీ చెప్పారు. ఆవిడ ప్రతి మాటకీ ఎదురు ప్రశ్న వేసింది. ఇంకో ముసలావిడ జరిగి వచ్చి వినడం మొదలుపెట్టింది. నా జవాబు నాకే మిగిలిపోయింది. ఈలోగా పాకలో మొలతాళ్ళు వాటంతటవే ఊడడం మొదలయ్యాయి.

పటం మీద బిళ్ళలన్నీ పీకి మళ్ళీ అంటించాం. ఈసారి పేట వైపు పసుపూ ఎరుపూ, వీధి వైపు ఎక్కువ పచ్చ. నేను ఇదే వస్తుందని ముందే తెలిసినదానిలా తల ఊపుతుంటే మేడమ్‌గారు రెండుచోట్ల వేలు పెట్టారు. పేటలో చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళ ఇళ్ళు నాలుగైదు పచ్చగా ఉన్నాయి. పెద్ద వీధిలో ఒక మేడ ఇంటి మీద ఎర్ర బిళ్ళ ఉంది.

"వీళ్ళు ఎందుకు బాగున్నారు?" అన్నారు.

"చేపలండి," అన్నాను. నా సిద్ధాంతం సగం ప్రాణంతో లేచి కూర్చుంది.

"ఇదెందుకు ఎరుపు?"

ఆ మేడ ముందునుంచి రోజూ వెళ్ళేదాన్ని. ఆ ఇంటి కోడలు తగ్గించి రాయమని ఎప్పుడూ అడగలేదని టీచరుగారు అప్పుడు గుర్తు చేసుకున్నారు. వీధంతా పసుపూ ఎరుపూ అయినప్పుడు ఈ ఒక్క నిజం ఎరుపు మాకు కనిపించలేదు. ఊళ్ళో ప్రతి ఇంటి గుట్టూ నాకు తెలుసనుకునేదాన్ని. ఆ బిళ్ళ ముందు నిలబడి, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో అని మొదటిసారి ఆలోచించాను. మర్నాటినుంచి టీచరుగారు ఏదో ఒక మిషతో ఆ ఇంటికి వెళ్ళి కూర్చునేవారు.

మేడమ్‌గారు పటం చుట్టి బస్సెక్కారు. ఊరి పెద్దలు మళ్ళీ స్థలం చూపించారు. ఆఫీసులో పటం పరిచి చూపించానని మేడమ్‌గారు తర్వాత చెప్పారు. కొన్నాళ్ళ పాటు ఏ కబురూ లేదు. మా చెల్లెలు అడగడం మానేసింది. నేను వేళాకోళం మానేశాను. ఊడ్పులు దగ్గర పడుతుండగా పేటకే ఇచ్చారని తెలిసింది. చర్చి ముందు పాకకి ఒక వైపు తడిక కట్టి అందులోనే మొదలుపెట్టమన్నారు.

మొదటి రోజు సాయానికి నన్ను పంపారు. మొదటి రోజని పెందరాళే తెరిచాం, తెల్లారి ఎంతోసేపు కాలేదు. మా చెల్లెలి అత్తగారు మనవరాలి వేలు పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చింది. దారి పొడుగునా ఎవరు పలకరించినా, "బడికి తీసుకెళ్తన్నా," అని చెబుతోంది. మా చెల్లెలు కూలీలతో పాటు చేలో ఉండాలి. తీరా చూస్తే క్యారేజీ చేత్తో పట్టుకుని పాక పక్కన కొబ్బరిచెట్టు చాటున నిలబడి ఉంది.

పిల్ల గడప దగ్గర ఆగింది. లోపల చాప మీద చెక్క బొమ్మలు పోసి ఉన్నాయి. నాయనమ్మ వేలు వదిలేసి వెళ్ళి, వాటి మధ్య కూలబడింది. ఒక చక్రం ఊడిన లారీ తీసుకుని నోట్లో పెట్టుకుంది.

"చూశావా అక్కా," అంది మా చెల్లెలు నా పక్కకి వచ్చి. "ఒక్కసారైనా ఎనక్కి చూళ్ళేదు."

"ఏడిస్తే బాగుండేదా?"

"కొంచెం ఏడవాల్సింది."

"సాయంత్రం నేను గిల్లుతాలే."

గట్టు మీదనుంచి మేస్త్రీ కేకేశాడు, వస్తున్నావా లేక ఇంకో మనిషిని పెట్టుకోనా అని. "వత్తన్నానండి," అని ఇది చీర ఎగదోపుకుని పరిగెత్తింది. కూలీల వరసలో కలిశాక కూడా, గట్టు మలుపు తిరిగేదాకా మెడ ఇటే తిప్పుకుని నడిచింది.